ఆళ్లగడ్డ గుడిలో బొంతలు

నంద్యాలలో నలభై ఏళ్లు మైకుల పని చేశాను. మొదట ఒక సౌండ్ సర్వీసులో జీతానికి, ఆ తరువాత సొంతంగా. రిక్షాకు రేకు హారన్ కట్టి ఊరంతా తిప్పిన రోజుల నుంచి, మిక్సర్‌ను చేతిలోని ఫోనుతో నడిపే రోజుల దాకా చూశాను. ఇప్పుడు పని మానేశాను. కుడి చెవి సగం పోయింది. రోడ్డు మీద లారీ హారన్ వినపడుతుంది గాని, వంటింట్లో కుక్కర్ కూత వినపడదు. అది చెవి లోపం కాదు, నా తెలివి అంటారు మా ఇంట్లోవాళ్లు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి వాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీరు చేసిన వాటిలో పెద్ద ప్రోగ్రాం ఏదని అడుగుతుంటారు. వేల మంది వచ్చిన సభ అనో, సినిమా పాటల కచేరీ అనో చెబుతానని చూస్తారు. అవి నాకు సరిగా గుర్తు లేవు. సవ్యంగా జరిగిపోయిన పని ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తున్నది ఆళ్లగడ్డలో మూడు వందల మంది పట్టే ఒక చర్చి, అందులో పాడిన పదకొండు మంది ఆడవాళ్లు. మా వైపు క్రైస్తవులు చర్చిని కూడా గుడి అనే అంటారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

నేను పని మానేయడానికి పదేళ్ల ముందు సంగతి. అక్కడ పాత రేకుల గుడి తీసేసి కొత్తది కట్టుకున్నారు. ఆ సంఘంలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లు, కొందరు టీచర్లు. డబ్బు ఇవ్వలేనివాళ్లు పని ఇచ్చారు. ఇసుక మోశారు, రాళ్లు మోశారు, గోడలకు నీళ్లు పట్టారు. చాలా ఏళ్లు పట్టిందట. చివరికి గుడి అందంగా లేచింది. కింద నున్నటి గ్రానైట్, పైన కమాను తిరిగిన కాంక్రీటు కప్పు, రెండు పక్కలా స్తంభాలు, వెనక గుండ్రంగా తిప్పి కట్టిన గోడ, దాని నిండా మెరిసే టైల్స్. ప్రారంభోత్సవానికి సౌండ్ పెట్టమని నన్ను పిలిచారు.

నాతో ఎప్పుడూ ఉండే మనిషి ఒకరున్నారు. నేను భాయ్ అని పిలిచేవాణ్ని. అంతకుముందు సినిమా హాల్లో ప్రొజెక్టర్ క్యాబిన్‌లో పని చేసి, ఆ హాలు మూతపడ్డాక నా దగ్గరికి వచ్చాడు. తీగలు లాగడంలో, అతుకులు వేయడంలో అతని చెయ్యి తిరుగులేనిది. మాట మాత్రం ముక్కుసూటి.

ముందు రోజు మధ్యాహ్నమే వెళ్లి వేదికకు అటూ ఇటూ రెండు పెద్ద బాక్సుల వరుసలు నిలబెట్టాం. నేను మైకు తీసుకుని, "హలో, మైక్ టెస్టింగ్, ఒన్, టూ, త్రీ" అన్నాను. భాయ్ చివరి నుంచి నడిచి వచ్చాడు.

"అన్నా, నువ్వు ఒన్ టూ అంటాండావ్. నాకు ఆడ 'వూ వూ' అనే వినపడుతాంది."

"ఖాళీ గుడి కదా భాయ్. జనం నిండితే సర్దుకుంటాది" అన్నాను.

ఇది పూర్తిగా అబద్ధం కాదు. మనుషులు, వాళ్ల బట్టలు శబ్దాన్ని కొంత పీల్చుకుంటాయి. ఎన్నో కల్యాణమండపాల్లో అలా సర్దుకుంది కూడా. అందుకే ఇక ఆలోచించలేదు.

మరుసటి రోజు ఉదయానికి గుడి నిండింది. పట్టనివాళ్లు బయట షామియానా కింద కూర్చున్నారు. ముందు ప్రార్థన, తరువాత ప్రసంగం. ప్రసంగంలో సగం మాటలు ఎవరికీ అర్థం కాలేదని నాకు తరువాత తెలిసింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తెలిసిన బైబిల్ వాక్యమే కాబట్టి వినపడని చోట మనసులోనే పూరించుకున్నారు. అసలు చిక్కు పాట దగ్గర వచ్చింది.

ఆ పాట ఎవరికీ తెలియదు. గుడి ఎలా కట్టారో చెబుతూ ఆ పదకొండు మంది ఆడవాళ్లు సొంతంగా అల్లుకున్న కథ అది. అరగంట పాట. అల్లింది, జట్టును నడిపేది ఒక్కామె. యాభై ఏళ్లుంటాయి. నాట్ల కాలంలో కయ్యల్లో ముందు గొంతెత్తేది ఆమేనట. నేను ఆమెను అక్కా అని పిలిచాను. ఇక్కడా అలాగే చెబుతాను.

అక్క మొదలుపెట్టింది. రెండు వరుసలు పాడిందో లేదో వెనక నుంచి కేకలు. "ఇనపడల్యా! ఇనపడల్యా!"

నేను సౌండ్ పెంచాను. కేకలు ఆగలేదు. ఇంకా పెంచాను. భాయ్ వెనక నుంచి మనుషుల మధ్యగా వంగి వంగి వచ్చాడు.

"తగ్గించన్నా. మోత శానా ఉంది. మాటే లేదు."

"వెనకోళ్లు ఇనపడలేదంటాంటే తగ్గించమంటావేంది?" అని కసిరి, మళ్లీ పెంచాను.

బాక్సులు ఈల వేశాయి. గుడంతా చెవులు మూసుకుంది. పసిపిల్లలు ఏడ్చారు. ముందు వరుసలో కూర్చున్న సంఘ పెద్ద తల తిప్పి నా వంక చూశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయన చూస్తే వయసొచ్చినవాళ్లకు కూడా బెంచీ ఎక్కాలనిపిస్తుంది. ఆయన వెనక మూడు వందల మంది చూస్తున్నారు. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది. పక్కనున్న మైకు తీసుకుని, అందరికీ తెలిసేలా అన్నాను:

"అక్కలు రొంతసేపు ఆగండి. మైకులో తప్పేం లేదు. మీరు నోరు బాగా తెరిచి, మాట విప్పి పాడితే అందరికీ వినపడుతుంది."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క నోరు పెద్దగా తెరిచి, గొంతు చించుకుని ఇంకో ఐదారు చరణాలు పాడింది. గోల ఇంకా పెరిగింది. ఆమె సగంలో ఆగిపోయి, "ఇంక సాల్లే" అని జట్టును తీసుకుని దిగిపోయింది. హెడ్మాస్టరు గారు లేచి, పాట చాలా అర్థవంతంగా ఉందని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కార్యక్రమం అయ్యాక తీగలు చుట్టుకుంటుంటే కిటికీ అవతల అక్క గొంతు వినపడింది. పక్కామెతో అంటోంది: "మనవి కయ్యల్లో పాడే నోళ్లులే. ఇట్లాంటి గుడికి పనికిరావు."

నేను తల ఎత్తలేదు. భాయ్ కూడా విన్నాడు. నంద్యాలలో ఇంటి ముందు వ్యాను దిగేటప్పుడు అన్నాడు:

"తప్పు ఆయమ్మలది కాదని నీకు తెల్సు."

"మరి ఎవరిది? బాక్సులు మంచివే, మైకులు మంచివే."

"ఎవరిదో నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలీదని చెప్పింటే పోయేది కదన్నా."

ఆ రాత్రి పెద్దగా నిద్రపట్టలేదని చెబితే అది గొప్ప కోసమే అవుతుంది. పట్టింది. కాని తెల్లారి లేచాక బుర్రలో ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది. అవే బాక్సులు మా షెడ్డులో పెట్టి మోగించాను. అద్దంలా ఉంది. ఆ వారమే ఒక స్కూలు మైదానంలో పెట్టాను. అద్దంలా ఉంది. మైకులు మార్చాను, తీగలు మార్చాను. అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఆ గుడిలో ఏమైంది? మాట అక్కడ ఏ దారిన పోయింది? ఎవరినైనా అడుగుదామంటే, ముప్పై ఏళ్ల పనివాడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

ఒక మైకు స్టాండు అక్కడ మరిచిపోయాం. దాని కోసమని చెప్పి నేనొక్కణ్ణే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాను. స్టాండుకైతే ఎవరి చేతనైనా పంపించమనొచ్చు. గుడిని మళ్లీ చూడాలనిపించింది, అంతే.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల పక్కగా నడుస్తుంటే ఒకాయన పిలిచాడు. గుడి ప్రారంభోత్సవపు శిలాఫలకం చెక్కిన శిల్పి ఆయన. ఆ రోజు దాన్ని బిగించడానికి వచ్చినప్పుడు ముఖపరిచయం అయింది. దేవుళ్ల విగ్రహాలు చెక్కడం ఆయన వంశపు పని. అరవై దాటిన మనిషి, రాతి పొడితో కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

అప్పుడే దించిన రాళ్లు నాలుగు ఆయన ముందున్నాయి. చిన్న సుత్తితో ఒకదాని మీద మెల్లగా కొట్టాడు. కొట్టి, తల పక్కకు వంచి, కదలకుండా ఉండిపోయాడు. మళ్లీ ఇంకో చోట కొట్టాడు. మళ్లీ నిశ్శబ్దం. మూడు రాళ్లు అయ్యాక నాలుగో దాన్ని చూపించి, "ఇది వద్దు, ఎనక్కి తీసకపోండి" అన్నాడు.

నా కంటికి నాలుగూ ఒకేలా ఉన్నాయి. "ఎట్ల తెలిసింది?" అని అడిగాను.

"లోపల పగులుంది. కంటికి తెలీదు. చిన్నగా కొట్టి, ఊరకుండల్ల. అది ఏం చెప్తాదో ఇనల్ల."

నన్ను కూడా కొట్టమన్నాడు. మంచి రాయి గంటలా సన్నగా మోగి ఆగింది. ఆ నాలుగోది 'బొద్' మని ఒక పొడి చప్పుడు చేసి చచ్చిపోయింది. నేను కాస్త గట్టిగా కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"గట్టిగా కొడితే అన్నీ ఒకటే మోతప్పా. ఆ పొద్దు నువ్వు గుడిలో చేసిందీ అదే."

"నేనేం చేశాను?"

"నేను ఎనక గోడ కాడ నిలబడుకోని ఉంటి. నువ్వు గుడిని శానా గట్టిగా కొడ్తివి. అది తిరిగి నీకంటే గట్టిగా అరిచె. ఇంక ఆయమ్మల మాట యాడ ఇనపడుతాది?"

నేను అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లుగా ప్రతి హాల్లో "హలో హలో ఒన్ టూ త్రీ" అన్నాను. ఒన్ అయ్యీ కాకముందే టూ అనేవాణ్ని. నడుమ ఆగి, హాలు ఏమంటోందో ఒక్కసారి కూడా వినలేదు. మైకును పరీక్షించాను, బాక్సును పరీక్షించాను. గోడలు కూడా మోగుతాయని, వాటినీ పరీక్షించాలని తోచలేదు.

"మీకు ఇప్పుడు రొంత తీరికుందా?" అని అడిగాను. ఆయన తుండుతో ముఖం తుడుచుకుని, చెక్క సుత్తి, ఒక చెక్క ముక్క తీసుకుని లేచాడు. ఆయనకూ చూడాలనే ఉంది.

గుడి తలుపులు తీసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. ఆయన వేదిక దగ్గర నిలబడి చెక్క మీద ఒక్క దెబ్బ కొట్టాడు. 'టక్'. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఒక క్షణంలో వెనక గోడ నుంచి ఇంకో 'టక్' తిరిగి వచ్చింది. ఆ తరువాత పైకప్పులో ఒక జుయ్‌మనే చప్పుడు చాలాసేపు తిరిగింది. నేను మనసులో లెక్కపెట్టాను. నాలుగు అంకెల దాకా ఆగలేదు. అంటే అక్క పాటలో ఒక మాట అనేటప్పటికి, దాని ముందు మాటలు నాలుగైదు ఇంకా గాలిలోనే తిరుగుతున్నాయన్న మాట. నేను బాక్సుల సౌండ్ పెంచిన కొద్దీ ఆ పాత మాటలకే బలం పోశాను.

ఇద్దరం చిన్నపిల్లల మాదిరి గుడంతా తిరిగాం. ఒక మూల కొట్టి ఇంకో మూల విన్నాం. నడుమ స్తంభాల దగ్గర ఒక చోట దెబ్బ రెండుగా వినపడుతుంది. రెండు అడుగులు జరిగితే ఒకటే. గోడకు చెవి ఆనించి విన్నాం. నేల మీద కూర్చుని విన్నాం. నేల మీద కూర్చుంటే మాట కొంచెం నయంగా ఉంది. తమ షెడ్డులో రాళ్లు కోసే మిషను మోత భరించలేకపోతే గోనెపట్టాలు వేలాడదీసుకుంటామని శిల్పి చెబుతున్నాడు. అప్పుడు వాకిట్లో చీపురుతో అక్క నిలబడి ఉంది. వారానికి రెండు రోజులు గుడి ఊడ్చేది ఆమేనట.

"ఏందప్పా, గోడతో మాట్లాడతాండారా?" అంది. నవ్వలేదు.

శిల్పి ఆమెకు అంతా విప్పి చెప్పాడు. ఆమె చీపురు పక్కన పెట్టి, చెక్క మీద తనే ఒక దెబ్బ కొట్టింది. విన్నది. మళ్లీ కొట్టింది. తరువాత ఏమీ అనకుండా బయటికి పోయింది. కోపమొచ్చి పోయిందనుకున్నాను. కాసేపటికి పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి భుజాన వేసుకుని వచ్చింది.

"గోనెపట్ట కన్నా ఇది మందం. సూడండి."

ఆమె ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని వెనక గోడకు అడ్డంగా నిలబడ్డాం. శిల్పి కొట్టాడు. పెద్ద తేడా ఏం లేదు. "ఒకటి సాలదు" అని ఆమె మళ్లీ పోయింది. ఈసారి నలుగురు ఆడవాళ్లు, ఎనిమిది బొంతలు వచ్చాయి. కిటికీ కమ్మీల నుంచి స్తంభాలకు తాడు లాగి, వెనక గోడ పొడవునా వేలాడదీశాం. శిల్పి కొట్టాడు. 'టక్'. వెనక నుంచి తిరిగి రావలసిన రెండో 'టక్' రాలేదు. పైన మోత కూడా రెండు అంకెల లోపలే ఆగిపోయింది.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని, తలా ఒక దెబ్బ కొట్టి చూశారు. అక్క మాత్రం నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అంటే ఆ పొద్దు తప్పు మాది కాదా?"

"కాదక్కా. గోడది."

"గోడకు మైకు కట్టింది నువ్వే కదప్పా?"

"నాదే తప్పక్కా. నాకు తెలియక మీ మీదికి తోసేశాను" అన్నాను.

ఆమె బొంత అంచు సవరిస్తూ అంది: "నాకొక్కదానికి చెప్తే సాలదు. ఆ పొద్దు అందరి ముందర అంటివి."

ఆ తరువాతి నెలలో వాళ్ల కోతకాలపు పండుగ ఉంది. పండిన దానిలో కొంత గుడికి తెచ్చి ఇచ్చే పండుగ. ఆ రోజు పాట మళ్లీ పాడించమని గుడి పాస్టరు అయ్యగారిని నేనే అడిగాను. సౌండ్ నేనే పెడతానన్నాను. ఆయన నవ్వి, "ఈల లేకుండా పెట్టు" అన్నారు.

పండుగ ముందు రోజు పొద్దున్నే నేనూ భాయ్ చేరుకున్నాం. పెద్ద బాక్సులు తేలేదు. నాలుగు చిన్న బాక్సులు తెచ్చి, స్తంభాలకు తక్కువ ఎత్తులో, కూర్చున్న మనుషుల వైపు దించి కట్టాం. పైకప్పుకు, గోడలకు శబ్దం వీలైనంత తక్కువ తగలాలి. కోయిలకుంట్ల వైపు నుంచి ముందుగానే వచ్చిన శనగ మూటల్ని భాయ్ వెనక గోడ కింద పేర్పించాడు. పైన బొంతలు. అంతా బాగుందనుకునే సమయానికి హెడ్మాస్టరు గారు వచ్చారు.

"ఏందిది? కొత్త గుడికి పాత బొంతలా? బయటి ఊర్ల నుంచి మనుషులొస్తారు. బట్టలారేసినట్లుంది. తీసేయండి."

అక్క ముందుకు వచ్చింది. "సార్, అవి ఉతికి తెచ్చినవే."

"ఉతికినా సరే. గుడికి ఒక మర్యాద ఉందమ్మా."

ఆయనతో వాదించి గెలిచినవాళ్లు ఆ సంఘంలో లేరని భాయ్ చెవిలో గొణిగాడు. నాకు ఆయన పాత ఉద్యోగం గుర్తొచ్చింది.

"సార్, చివరి వరుసలో కూచోండి. నేను వేదిక మీద మైకులో డిక్టేషన్ చెప్తాను. పది మాటలు బొంతలు తీసేసి, పది మాటలు బొంతలు ఉంచి. మీరు రాయండి. మీ మార్కులే తీర్పు."

ఆయన ముఖం మారిపోయింది. జేబులోంచి పెన్ను తీసి, కాగితం మడిచి, వెనక కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మేం బొంతలు దించాం, మూటలు పక్కకు జరిపాం. నేను పది మాటలు చెప్పాను. కంకి, మడక, దూలం, గొలుసు, అలాంటివి. మళ్లీ అన్నీ కట్టి ఇంకో పది మాటలు చెప్పాను. ఆయన నా మాటల చీటీ పక్కన పెట్టుకుని తన కాగితాన్ని తనే దిద్దుకున్నారు. దిద్దడంలో కూడా దయ చూపించలేదు. మొదటిసారి పదికి నాలుగు. రెండోసారి పదికి తొమ్మిది.

కాగితం వంక చాలాసేపు చూసి, "నాలుగా! నేను ఏ పరీక్షలోనూ తప్పలేదే" అన్నారు. తరువాత లేచి, బొంతలన్నీ ఒకే ఎత్తులో వచ్చేలా తాడు సరిచేయించి మరీ వెళ్లారు.

పండుగ రోజు ఉదయం గుడి మళ్లీ నిండింది. బండి ఆత్మకూరు దిక్కు నుంచి కూడా మనుషులు వచ్చారు. భాయ్ చివరి వరుసలో కూర్చున్నాడు. చెయ్యి పైకెత్తితే పెంచాలి, పిడికిలి మూస్తే చాలని మా గుర్తు. అక్క జట్టు వచ్చి నిలబడింది. పాడే ముందు నేను వెళ్లి మైకు తీసుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఇతరుల నోటి ముందు మైకు పెట్టినవాణ్ని. నా నోటి ముందు అది ఇంత బరువుగా ఉంటుందని తెలియదు.

"ప్రారంభోత్సవం రోజు పాట వినపడకపోతే, అక్కలు నోరు విప్పి పాడలేదని నేను అన్నాను. అది తప్పు. అక్కలు బాగానే పాడారు. నాకు ఈ గుడి సంగతి తెలియలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, వాళ్ల మీద వేశాను. అందరి ముందర అన్నాను కాబట్టి అందరి ముందరే చెబుతున్నాను."

గుడి నిశ్శబ్దంగా ఉంది. అంటే ఇది కూడా అందరికీ వినపడిందన్న మాట. అక్క నా వంక చూడలేదు. పక్కామెతో, "మొదలుపెట్టు" అంది.

నేను సౌండ్ కొంచెమే తెరిచాను. భాయ్ చెయ్యి ఒకసారి లేచి, వెంటనే పిడికిలి అయింది. ఎప్పుడూ అంత తక్కువలో ఆపింది లేదు. మైకు ఉందా లేదా అన్నట్టుంది. గొంతులు గొంతుల్లానే ఉన్నాయి. రాళ్లు మోసిన సంగతి, నీళ్లు పట్టిన సంగతి, పరంజా మీంచి పడి చెయ్యి విరిగిన మేస్త్రి సంగతి, ఒక్కొక్కటి చెబుతూ పోతున్నారు. వెనక ముసలివాళ్లు తలలు ఊపుతున్నారు. అప్పుడు ఈ చరణం వచ్చింది:

గొడుగు నీడన పెద్దసారూ గోడ లేపె మాటతోనూ
మాట బరువైపోయెనంటా, మంచమడిగె మధ్యాన్నం

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడి నుంచి నవ్వు ఒక్కో వరుసా దాటుకుంటూ ముందుకు వచ్చింది. ప్రారంభోత్సవం రోజు కూడా ఇదే చరణం పాడారట, ఇదే పాటను ఆ పెద్దసారే, అంటే హెడ్మాస్టరు గారే, అర్థవంతంగా ఉందని మెచ్చుకున్నారు. ఇప్పుడు అర్థం అయింది. హెడ్మాస్టరు గారి మెడ ఎర్రబడింది. ఆయన భుజాలు రెండు కదిలాయి. మూడో కుదుపుకు ఆయన గట్టిగానే నవ్వేశారు. నవ్వుతూ, "మంచం కాదమ్మా, కుర్చీ అడిగితి!" అన్నారు. అది కూడా చివరి దాకా వినపడింది.

ఆ తరువాత ఇంకో పదేళ్లు పని చేశాను. ఏ హాలుకు పోయినా ముందు బాక్సులు దించలేదు. ఒక దెబ్బ కొట్టి, నోరు మూసుకుని విన్నాను. తెలియనప్పుడు తెలియదని చెప్పాను. దానివల్ల రెండు మూడు పనులు పోయాయి కూడా. తెలిసినవాణ్ని తెచ్చుకుంటామన్నారు. శిల్పి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాను. రాయి గురించి నాకు కొంచెం, మైకు గురించి ఆయనకు కొంచెం తెలిసింది. గుడివాళ్లు తరువాత వెనక గోడకు మందపు గుడ్డ పరదాలు శాశ్వతంగా వేయించుకున్నారు.

ఆ పండుగ రోజు జనం వెళ్లిపోయాక జరిగింది ఒకటి చెప్పాలి. తీగలు చుట్టబోతుంటే అక్క వచ్చి, "అప్పా, ఈడ నిలబడి పాడితే ఆడ ఎట్ల ఇనపడుతాదో మాకు తెలీదు కదా" అంది. నిజమే. ముప్పై ఏళ్లుగా పాడుతున్న మనిషి, తన జట్టును ఎదుటి నుంచి ఎప్పుడూ విననే లేదు. నేను మళ్లీ మిక్సర్ వేశాను. మిగతా పదిమందిని నిలబెట్టి పాడించి, ఆమెను చివరి వరుసకు తీసుకెళ్లి నా పక్కన కూర్చోబెట్టాను.

ఆమె కళ్లు మూసుకుంది. ఒక చరణం, రెండు చరణాలు. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏం అనాలో కూడా సిద్ధం చేసుకుంటున్నాను. మూడో చరణంలో ఆమె కళ్లు టక్కున తెరుచుకున్నాయి.

"మా వదిన సూడు! 'రాళ్లు' అనే కాడ 'ళ్లు' మింగేస్తాంది. ఇన్నేండ్లు పక్కనే నిలబడుకోని పాడితిని, నాకు తెలీనే లేదు."

చీర కొంగు దోపుకుని లేచి, కుర్చీల నడుమ విసవిసా నడిచి ముందుకు పోయింది. మైకుకు రెండు గజాల దూరంలోనే ఆగి, వదినకు ఆ అక్షరం ఎలా పలకాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను చివరి వరుసలోనే కూర్చుని ఉన్నాను. ఆమె తిట్టిన తిట్లు సహా ఒక్క మాట పొల్లుపోకుండా వినపడింది.